అన్నయ్యగారి శనివారాలు

ఆగస్టులో ఒక మంగళవారం పొద్దున మా అల్లుడు ఫోన్ చేశాడు. "అత్తయ్యా" అన్నాడు. ఆ తరువాత ఏమీ అనలేదు. మా అమ్మాయి నేర్పిన నాలుగైదు తెలుగు మాటల్లో అతనికి బాగా వచ్చిన మాట అదొక్కటే. మామూలుగా దాని వెనకే గడగడా ఇంగ్లీషు వస్తుంది. ఆ రోజు రాలేదు. నేను స్టవ్ కట్టేసి, చెప్పులు వేసుకుని, కారు తాళాలు తీసుకున్నాను. మా వియ్యంకుడుగారు పోయారు.

వాళ్ళ చర్చిలో ప్రార్థన జరిగింది. పాస్టరుగారు మాట్లాడాక, ఆయన్ని ఎరిగినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు వెళ్ళి మాట్లాడారు. ఇక్కడ అది అలవాటు. ఒకాయన చేపలు పట్టడం గురించి చెప్పారు. ఇంకొకాయన ఇద్దరూ కలిసి లారీలు నడిపిన రోజుల గురించి చెప్పి అందరినీ నవ్వించారు. మా అమ్మాయి నా చెయ్యి నొక్కింది. వెళ్ళి మైకు ముందు నిలబడ్డాను. "ఆయన నాకు అన్నయ్య" అని ఇంగ్లీషులో అన్నాను. ఇంకో మాట రాలేదు. వచ్చి కూర్చున్నాను.

మన వైపు చావింట్లో ఎవరూ ఇలా నిలబడి మాట్లాడరు. కూర్చుంటాం, అంతే. నాకు అదే తెలుసు. కానీ ఇంటికొచ్చాక ఆ రోజు చెప్పలేకపోయినవి ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలైంది. గిన్నెలు కడుగుతుంటే ఒకటి, బట్టలు మడతపెడుతుంటే ఒకటి. పదో తరగతితో చదువు ఆపినదాన్ని, ఉత్తరాలు తప్ప ఏనాడూ ఏమీ రాయలేదు. అయినా ఆ మాటలు నాలో తెలుగులోనే ఉన్నాయి కాబట్టి తెలుగులో రాస్తున్నాను. ఆయన నాతో మాట్లాడినవన్నీ ఇంగ్లీషులోనే. నాకు గుర్తున్నది మాత్రం తెలుగులో.

మేము బెంటన్‌విల్ అనే ఊళ్ళో ఉంటాం. మా వారి ఉద్యోగం వల్ల అమ్మాయి పసిపిల్లగా ఉన్నప్పుడే దేశం దాటి ఇక్కడికి వచ్చాం. అమ్మాయి మా రాష్ట్రంలోని పెద్ద కాలేజీలో చదువుకుంది. అల్లుడు పరిచయమైంది అక్కడే. అతని తండ్రిది పక్క రాష్ట్రం. భార్య పోయాక, లారీ పని కూడా మానేశాక, కొడుకు ఉన్న ఊరికి దగ్గరగా ఉండాలని మాకు ఇరవై నిమిషాల దూరంలో చిన్న ఇల్లు తీసుకున్నారు.

ఆయన మొదటిసారి మా ఇంటికి వచ్చింది ఒక శనివారం. అప్పటికింకా పెళ్ళి మాటలు కూడా అవలేదు. తలుపు తీసేసరికి నారింజ రంగు టోపీ, నారింజ రంగు చొక్కా, మెడలో అదే రంగు పూసల దండ. నేను శనివారాలు వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటాను. ఆ రోజు ఆ రంగు చూసేసరికి నాకు ఆంజనేయస్వామి దీక్ష తప్ప ఇంకేమీ తోచలేదు. అమ్మాయే చెప్పి ఉంటుంది, మన మనసు గెలుచుకోవడానికి ఆయన మాల వేసుకున్నారనుకున్నాను. అమ్మాయిని వంటింట్లోకి పిలిచాను.

"ఏమే, ఆయన దీక్షలో ఉన్నారా? కూరలో ఉల్లిపాయ వెయ్యనా, మాననా?"

అమ్మాయి ఫ్రిజ్‌కి ఆనుకుని నవ్వి నవ్వి కిందికి జారి కూర్చుంది. "అమ్మా, అది దీక్ష కాదు. ఫుట్‌బాల్. ఆయన టీమ్ కలర్ అది. ఇవాళ గేమ్ ఉంది."

"ఆట చూడ్డానికి మెడలో పూసలెందుకు?"

"అదే కదా, మేమూ అడుగుతున్నాం."

అది దీక్షేనని నాకు తరువాత తెలిసింది. ఆకురాలే కాలం వచ్చిందంటే ప్రతి శనివారం ఆయన అదే చొక్కా వేసుకునేవారు. గెలుస్తున్నంత కాలం దాన్ని ఉతికేవారు కాదు. ఆట సగం అయ్యేవరకు ఏమీ తినేవారు కాదు. ఎవరికోసం ఉపవాసం అని అడిగాను ఒకసారి. "నువ్వెవరికోసం ఉంటావు?" అన్నారు. "దేవుడికి" అన్నాను. "నేనూ ఆయనకే. నీ మాట వింటాడు, నా మాట వినడు" అన్నారు.

అమ్మాయి ఆ మొదటి రోజే, గిన్నెలు సర్దుతూ, ఇంకొక సంగతి కూడా చెప్పింది. ఆయన కాలేజీ మెట్టు ఎక్కలేదట. చిన్నప్పటినుంచీ వాళ్ళ రాష్ట్రంలోని ఆ నారింజ రంగు కాలేజీ అంటే ప్రాణం. కొడుకు పుట్టిన రోజున ఆసుపత్రికి ఆ రంగు చిన్న చొక్కా పట్టుకెళ్ళారట. తమ ఇంట్లో కాలేజీకి వెళ్ళే మొదటివాడు ఆ రంగులోనే వెళ్ళాలని ఆశ. కొడుక్కి రెండుచోట్లా సీటు వచ్చింది. అతను మా రాష్ట్రపు కాలేజీ ఎంచుకున్నాడు. దాని రంగు ఎరుపు. ఈ రెండు కాలేజీలకీ ఆటలో బద్ధవైరం.

"గొడవైందా?" అన్నాను.

"లేదమ్మా. అదే ప్రాబ్లమ్. ఆయనే డ్రైవ్ చేసుకుంటూ తీసుకొచ్చి, సామాన్లన్నీ మూడో అంతస్తుకి మోసి, దింపి వెళ్ళిపోయాడట. ఒక్క మాట అనలేదు. అంతే, అప్పటినుంచీ ఇద్దరూ కలిసి ఒక్క గేమ్ చూడలేదు."

పెళ్ళికి ఆయనకోసం మేం పట్టుపంచె తెప్పించాం. అంచు చక్కటి ఎరుపు. అమ్మాయి పెట్టె తెరిచి చూసి తల పట్టుకుంది. "అమ్మా, రెడ్ కొన్నావా? చంపేశావు." శుభకార్యానికి ఎరుపే కదా తెస్తాం, నాకేం తెలుసు. అయినా అదే ఇచ్చాను. ఆయన అంచు మీద వేలితో రాసి చూశారు.

"ఇది కాలేజీ రంగా, దేవుడి రంగా?"

"దేవుడి రంగు" అన్నాను.

"అయితే సరే." కట్టుకుని, జారకుండా దాని మీద తోలు బెల్టు కూడా పెట్టుకుని వచ్చారు. ఫొటోల్లో ఆ బెల్టు బకిలే ముందు కనపడుతుంది.

ఆ పెళ్ళిలోనే మా పంతులుగారు, వియ్యంకుణ్ణి నేను ఏమని పిలవాలో, ఆయన నన్ను ఏమని పిలవాలో చెప్పారు. ఆయనకి అది చాలా నచ్చింది. తోబుట్టువులు లేని మనిషి. ఆ రోజునుంచి నేను అన్నయ్యగారూ అన్నాను, ఆయన చెల్లెమ్మా అన్నారు. ఆ ఒక్క మాట తెలుగులో, మిగతాదంతా ఆయన వైపు సాగదీసిన ఇంగ్లీషులో.

మనవరాలు పుట్టాక అమ్మాయి, అల్లుడు విహారాలు మొదలుపెట్టారు. అల్లుడు మంచి తండ్రి. ఏ కాలానికి ఆ కాలం పిల్లని ఎక్కడికో ఒకచోటికి తీసుకెళ్తాడు. వసంతంలో స్ట్రాబెర్రీలు కోయడానికి, ఎండాకాలం చెరువుకి, చలికాలం క్రిస్మస్‌కి ఇళ్ళమీద పెట్టే దీపాలు చూడ్డానికి. వాటికి ఏ వారమైనా ఒకటే. కానీ సెప్టెంబరు వచ్చాక వెళ్ళే ఆపిల్ తోటలు, గుమ్మడికాయల పొలం, రంగులు మారిన ఆకులు చూడ్డానికి కొండలు, ఇవన్నీ శనివారాలే. నేను శనివారం బయట తినను కాబట్టి నాకు ఇది తెలిసింది. లేకపోతే గమనించేదాన్ని కాదేమో.

"ఆదివారం వెళ్ళకూడదా? నేనూ వస్తాను కదా" అన్నాను అమ్మాయితో.

"సన్‌డే క్రౌడ్ ఉంటుందమ్మా."

"శనివారం ఉండదా?"

అమ్మాయి నా ముఖం చూసి మళ్ళీ గిన్నెల వైపు తిరిగింది. అప్పుడు అర్థమైంది. శనివారం ఇంట్లో ఉంటే ఆట చూడ్డానికి నాన్న దగ్గరికి వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్న అల్లుడికి వస్తుంది. వెళ్తే ఏ చొక్కాతో వెళ్ళాలి. గుమ్మడికాయల పొలంలో ఆ ప్రశ్న ఉండదు. మా వారు కూడా కెమెరా పట్టుకుని వాళ్ళతోనే వెళ్ళిపోయేవారు.

అలా శనివారాలు ఈ ఊళ్ళో మేమిద్దరమే మిగిలేవాళ్ళం. పొద్దున గుడికి వెళ్ళి, వచ్చేదారిలో ఆయనకి పులిహోర ప్రసాదం ఇచ్చి వచ్చేదాన్ని. మొదట్లో గుమ్మం దగ్గరే ఇచ్చి వచ్చేసేదాన్ని. తరువాత కాసేపు కూర్చోవడం అలవాటైంది. ఆయన టీవీ ముందు ప్రసాదం గిన్నె పెట్టుకుని, ఆట సగమయ్యేవరకు మూత కూడా తీసేవారు కాదు. నేను సోఫా చివర కూర్చుని విష్ణుసహస్రనామం చదువుకునేదాన్ని.

ఆట నాకు ఆయనే నేర్పారు. పేరు ఫుట్‌బాలే గానీ, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. నాలుగు ప్రయత్నాలు ఇస్తారు, వాటిలో పది గజాలు ముందుకు పోవాలి. పోగలిగితే మళ్ళీ నాలుగు ఇస్తారు. పోలేకపోతే బంతి అవతలివాళ్ళది. ఇదొక్కటి తెలిస్తే చాలు, మిగతాదంతా అరుపులే అన్నారు. "మైదానం మొత్తం చూసుకుంటే కాళ్ళు ఆడవు చెల్లెమ్మా. పది గజాలు చూసుకో" అనేవారు. భార్య పోయిన ఏడాది అలాగే బతికానని కూడా ఒకసారి చెప్పారు.

ఒకసారి ఓడిపోతారనుకున్న ఆట, నేను చదువుతుండగా చివరి నిమిషంలో గెలిచారు. అంతటితో నా పని అయిపోయింది. ఎప్పుడైనా నేను వెళ్ళకపోతే ఫోన్ వచ్చేది.

"చెల్లెమ్మా, మూడో ప్రయత్నం, ఎనిమిది గజాలు పోవాలి. నీ పాట అందుకో."

"దేవుడి పేరు ఆటకోసం చదవను అన్నయ్యగారూ. మీ ఆరోగ్యం కోసం అయితే చదువుతాను."

"నా ఆరోగ్యం ఈ ఎనిమిది గజాల మీదే ఉంది."

చదివేదాన్ని. స్వామికి తెలుసులెండి ఎందుకు చదువుతున్నానో.

ఆయన కొడుకు మీద ఒక్క ఫిర్యాదు చెయ్యగా వినలేదు. వారం మధ్యలో కొడుకు వచ్చి గడ్డి కోసేవాడు, చూరు కింది గట్టర్లు శుభ్రం చేసేవాడు. ఇద్దరూ వాతావరణం గురించి, బండి టైర్ల గురించి మాట్లాడుకునేవారు. అదీ ప్రేమే, కాదనను. కానీ ఆటలో ఏదైనా మంచి ఘట్టం వస్తే ఆయన చెయ్యి ఒక్కసారి పక్కనున్న ఖాళీ చోటు మీద కొట్టేది. కొట్టాక ఆ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకునేవారు.

పోయిన ఏడాది సెప్టెంబరులో ఆయనకి ఊపిరితిత్తుల్లో జబ్బు బయటపడింది. డాక్టర్లు చెప్పింది చెప్పినట్టు ఆయన మాకందరికీ చెప్పారు. ఇంకో ఫుట్‌బాల్ కాలం చూడకపోవచ్చు అన్నారు. ఆ వారం పులిహోర పట్టుకెళ్ళినప్పుడు మొదటిసారి నేనే నోరు తెరిచాను.

"నవంబరులో మీ రెండు కాలేజీలకీ ఆట ఉందట కదా. మీ అబ్బాయిని రమ్మనండి."

ఆయన టీవీ గొంతు తగ్గించారు. "అడిగితే వస్తాడు చెల్లెమ్మా. వాడు మంచివాడు. జబ్బుమనిషి అడిగాడని వస్తాడు. అడిగి తెచ్చుకున్నది నాకొద్దు." తరువాత, "నువ్వు కూడా అడగొద్దు" అన్నారు. అడగనని మాటిచ్చాను.

నవంబరు అంటే మనకి కార్తీకమాసం. ఏటా ఒకరోజు సత్యనారాయణ వ్రతం చేయిస్తాను. కార్తీకంలో ఏ రోజైనా మంచిదే. ఆట ఉన్న శనివారం ఎంచుకుని అమ్మాయికి ఫోన్ చేశాను.

"అమ్మా, ఆ సాటర్డే కొండల్లో క్యాబిన్ బుక్ చేశాడు. ఆకులన్నీ రాలిపోకముందే వెళ్దామని."

"కార్తీక శనివారం తల్లీ. దంపతులు పీటల మీద కూర్చోవాలి."

"అంటే క్యాన్సిల్ చెయ్యమంటావా?"

"నేనెందుకంటాను? స్వామి పిలుస్తున్నాడు, అంతే."

"స్వామి పిలుస్తున్నాడా, నువ్వు పిలుస్తున్నావా?"

"ఇద్దరం."

అమ్మాయికి అర్థమైంది. దానికి తెలివి ఎక్కువ. "సరే, పాపకి పట్టులంగా నువ్వే కట్టు, నా దగ్గర నిలబడదు" అని పెట్టేసింది.

వ్రతానికి అన్నయ్యగారు పెళ్ళినాటి పంచెతో వచ్చారు. ఒళ్ళు తగ్గిపోయి, బెల్టుకి కొత్త చిల్లు పొడిచి ఉంది. మోకాళ్ళు వంగవు కాబట్టి కుర్చీ వేశాం. అల్లుడూ పంచె కట్టాడు. వ్రతం అంటే పట్టుబట్టలు కట్టాలని తెలుసు వాళ్ళకి. ఆ రోజు ఆ ఇంట్లో ఎవరి ఒంటిమీదా ఏ కాలేజీ చొక్కా లేదు. పంతులుగారు ఐదు కథలూ చెప్పారు. తాను ఇచ్చిన మాట మరిచిన వర్తకుడి కథ అమ్మాయి ఇంగ్లీషులో చెబుతుంటే అన్నయ్యగారు తల ఊపుతూ విన్నారు. మనవరాలు తాతయ్య కుర్చీ కింద దూరి అక్షింతలు ఏరుకుంది.

భోజనాలయ్యేసరికి రెండు దాటింది. అన్నయ్యగారు మాత్రం ప్రసాదం గిన్నె మూత తియ్యకుండా పక్కన పెట్టుకున్నారు. పంతులుగారు వెళ్ళిపోయారు. అన్నయ్యగారు గోడ గడియారం చూసి, మళ్ళీ కిందికి చూశారు. నేను వంటింట్లోంచి చూస్తున్నాను. ఇంతవరకే నా చేతిలో ఉంది. అల్లుడు జేబులోంచి కారు తాళాలు తీశాడు. అవి చేతిలో పట్టుకుని కొంచెంసేపు నిలబడ్డాడు. తరువాత వాటిని బల్లమీద పెట్టాడు.

"నాన్నా, ఆట ఎన్నింటికి?"

"రెండున్నరకి."

"ఈ టీవీలో వస్తుందా?"

"నాకేం తెలుసు. ఇది మా చెల్లెలి ఇల్లు."

అల్లుడు పంచె పైకి దోపుకుని టీవీ వెనక్కి వెళ్ళి ఏవో వైర్లు కలిపాడు. వచ్చి సోఫాలో కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా ఒక మనిషి పట్టే ఖాళీ ఉంది. మనవరాలు వెళ్ళి అందులో కూర్చుంది. సగం ఆట వరకు ఎవరూ ఏమీ మాట్లాడుకోలేదు. నేను సహస్రనామం చేతిలో పట్టుకుని కూర్చున్నాను కానీ చదవలేదు. ఎవరికోసం చదవాలో తెలియలేదు.

మూడో భాగంలో రెఫరీ ఏదో ఈల వేసి నారింజవాళ్ళని పదిహేను గజాలు వెనక్కి జరిపాడు. అల్లుడు ముందుకు వంగి, మళ్ళీ చూపించిన బొమ్మ చూశాడు.

"అది తప్పు నిర్ణయం" అన్నాడు. "మీవాళ్ళు ఏమీ చెయ్యలేదు."

అన్నయ్యగారు మెల్లగా తిరిగారు. "ఏమన్నావు?"

"మీవాళ్ళకి అన్యాయం జరిగిందన్నాను."

"మళ్ళీ ఒకసారి చెప్పు."

"చెప్పను."

"చెల్లెమ్మా, నువ్వు విన్నావు కదా? సాక్ష్యం నువ్వే."

అక్కడినుంచి ఇద్దరూ ఆగలేదు. ఎవరు ఎటు పరిగెత్తాలి, ఎవర్ని ఎందుకు ఆడించలేదు, నాకు సగం అర్థం కాలేదు. ఆట చివరికి వచ్చేసరికి మనవరాలు తండ్రి ఒళ్ళోకి మారింది, మధ్యలో ఖాళీ లేదు. ఎప్పుడో అల్లుడు టీవీ వైపే చూస్తూ అన్నాడు: "నేను ఇక్కడికి వచ్చింది మీమీద కోపంతో కాదు నాన్నా."

"తెలుసురా. చదువు బాగుందని వచ్చావు. నాకు చదువు గురించి తెలియదు, రంగు గురించే తెలుసు."

అంతకంటే ఏమీ అనుకోలేదు. ఎర్రవాళ్ళే గెలిచారు. అన్నయ్యగారు నావైపు చూసి, "మీ దేవుడు వాళ్ళవైపు ఉన్నాడు" అన్నారు. "పీటల మీద కూర్చుంది వాళ్ళు కదా అన్నయ్యగారూ" అన్నాను. నవ్వితే దగ్గు వచ్చింది. అల్లుడు వీపు నిమిరాడు. వెళ్ళేటప్పుడు గుమ్మంలో ఆగి నాతో, "నేను అడగకుండానే వాడు ఉండిపోయాడు" అన్నారు. "అవును" అన్నాను. నిజమే. ఎవరూ అడగలేదు.

ఆ చలికాలం దీపాలు చూడ్డానికి అందరం ఒకే బండిలో వెళ్ళాం, ఆయన ముందు సీట్లో. వసంతంలో స్ట్రాబెర్రీ తోటలో కుర్చీ వేసి కూర్చోబెడితే, మనవరాలు కోసి తెచ్చినవి బుట్టలో వెయ్యకుండా తినేశారు. "పాపా ఈటింగ్ ఆల్ అమ్మమ్మా" అని, తాతయ్యని పాపా అని పిలిచే ఆ పిల్ల నాకు చాడీలు చెప్పింది. ఆగస్టులో వెళ్ళిపోయారు. మరో ఆటల కాలం మొదలవకముందే.

ఇవాళ ఈ ఏడాది మొదటి ఆట శనివారం. ఆపిల్ తోటకి వెళ్ళే రోజు. మధ్యాహ్నం ఇంటి ముందు తన తండ్రి పాత పికప్ ట్రక్కుతో అల్లుడు వచ్చాడు. అమ్మాయి, మనవరాలు మాత్రమే లోపలికి వచ్చారు.

"వెళ్ళలేదా?" అన్నాను.

"లేదమ్మా. పొద్దున లేచి, ఇవాళ వద్దులే అన్నాడు."

"అతనేడీ?"

"ట్రక్‌లోనే ఉన్నాడు. గేమ్ చెప్పే స్టేషన్ ఆ రేడియోలోనే వస్తుందట. వాళ్ళ నాన్న టీమ్‌కి కామెంటరీ చెప్పే ముసలాయన గొంతు అందులోనే వినాలట. ఇంట్లో టీవీ ఉంది కదా అంటే, పది నిమిషాల్లో వస్తానన్నాడు."

ఇది జరిగి గంట దాటింది.

ఈ కాగితాలు ఎవరి చేతికి వచ్చినా, దాచండి. మనవరాలు తెలుగు చదవడం నేర్చుకుంటే దానికి ఇవ్వండి. బయటివాళ్ళకి చూపించవద్దు, ముఖ్యంగా అల్లుడికి చదివి వినిపించవద్దు. వింటే, వ్రతం రోజు అత్తగారు ఏదో చేసింది అనుకుంటాడు. నేను చేసింది ప్రసాదం మాత్రమే. తాళాలు బల్లమీద పెట్టింది అతనే.

వంటింటి కిటికీలోంచి ట్రక్కు కనబడుతోంది. ఇందాక మనవరాలు పరుగెత్తి వెళ్ళి లోపలికి ఎక్కింది. ఎక్కేటప్పుడు జారిన చెప్పు ఒకటి మెట్టు మీదే ఉంది. తలుపు తెరిచే ఉంది. రేడియోలో ఎవరో గట్టిగా అరిచారు, అల్లుడి చెయ్యి పక్క సీటు మీద కొట్టింది. ఆ సీట్లో పిల్ల ఉంది. అదీ తిరిగి కొట్టింది.